సోమవారాలు ఆగిపోయే కంప్యూటర్లు

మా అమ్మ దక్షిణ ఢిల్లీలోని ఒక పెద్ద ట్రస్టు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. ఆపరేషన్ అయిన ఆడవాళ్లను ఉంచే వార్డు ఆమెది. బాపట్ల దగ్గర మిషన్ ఆసుపత్రిలో నర్సింగ్ చదివి, పెళ్లికి ముందే ఢిల్లీ వచ్చి, ఆ వార్డులోనే జుట్టు నెరిసిన మనిషి. నేను ఢిల్లీలోనే పుట్టాను. తెలుగు అక్షరాలు అమ్మ దగ్గర బైబిలు చదువుతూ నేర్చుకున్నవే. రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లలో, అదే ఆసుపత్రిలో కంప్యూటర్ విభాగంలో నాకు ఉద్యోగం వచ్చింది. అమ్మ మూడో అంతస్తులో, నేను బేస్‌మెంట్‌లో లాండ్రీ పక్క గదిలో.

మేం యమున అవతల, ఢిల్లీ సరిహద్దు దాటాక వచ్చే వైశాలిలో ఉండేవాళ్లం. అప్పటికింకా అక్కడికి మెట్రో రాలేదు. అమ్మకు పొద్దుటి డ్యూటీ ఉన్న రోజుల్లో ఇద్దరం కలిసి బయల్దేరి, షేర్ ఆటోలో ఆనంద్ విహార్ దాకా, అక్కణ్ణుంచి బస్సులో వెళ్లేవాళ్లం. బస్సులో సీటు దొరికితే అమ్మ నిద్రపోయేది. నేను జియా సరాయ్‌లో సెకండ్ హ్యాండ్‌లో కొన్న డేటాబేస్ పుస్తకం ఒళ్లో పెట్టుకుని చదువుకునేదాన్ని. ఆ పుస్తకాన్ని నాకంటే ముందు చదివినవాడెవడో మొదటి మూడు అధ్యాయాల్లో ప్రతి వాక్యం కిందా గీతలు గీసి, నాలుగో అధ్యాయంలో మానేశాడు. నాకు తర్వాత పనికొచ్చిన లాగ్ అనే ఫైలు గురించి ఉన్నది ఆ తర్వాతే.

మా విభాగానికి పెద్దాయన కర్నూలు వైపు మనిషి. కేంద్ర ప్రభుత్వంలో లెక్కల శాఖలో ఏళ్ల తరబడి చేసి, రిటైరయ్యాక మా ఆసుపత్రికి వచ్చారు. ఇల్లు వసంత్ కుంజ్‌లో. ఢిల్లీకి వచ్చి ముప్పై ఏళ్లు దాటినా ఆయన తెలుగులో కర్నూలు కర్నూలుగానే ఉండేది, మధ్యమధ్య హిందీ కలిసేదంతే. నేను చేరిన రోజునే అన్నారు:

"ఏమ్మా, మీ అమ్మ మూడో అంతస్తు సిస్టరంట కదా. మా ఇంటామె ఆపరేషనప్పుడు ఆయమ్మే చూసుకునింది. ఇంగ నువ్వు ఈడ కుర్చీ ఏస్కో, కూర్చో. కష్టమేమీ లేదు, సోమవారం ఒకటే మనకు చావు."

సోమవారం సంగతి నాకు ఆ వారమే తెలిసింది. ఆదివారం ఓపీడీ, అంటే బయటి రోగులను చూసే విభాగం, ఉండదు కాబట్టి సోమవారం జనం విరగబడతారు. మీరట్ నుంచి, పల్వల్ నుంచి, రోహ్‌తక్ నుంచి తెల్లారకముందే వచ్చి హాల్లో గొంగళ్లు పరుచుకుని కూర్చుంటారు. కౌంటర్లు తెరవగానే రిజిస్ట్రేషన్ మొదలవుతుంది. కాసేపు బాగానే నడుస్తుంది. తర్వాత ఉన్నట్టుండి అన్ని కౌంటర్ల మీదా ఒకేసారి తెరలు బిగుసుకుపోతాయి. నిమిషమో, ఒక్కోసారి అంతకంటే ఎక్కువో. మళ్లీ కదులుతాయి. మళ్లీ ఆగుతాయి. గుమాస్తాలు కీబోర్డు మీద అరచేత్తో కొడతారు. లైన్లో ఉన్నవాళ్లు కేకలు. "క్యా హువా భయ్యా, సో గయే క్యా?" అని, నిద్రపోయారా ఏంటన్నట్టు ఒకాయన కిటికీ మీద కొడుతుంటే, లోపలున్న గుమాస్తా చూడ్డానికి పైకి వచ్చిన నా వైపు చేయి చూపించాడు, "ఉన్ మేడమ్ సే పూఛో" అని. చేరి వారమైనా కాలేదు. తల దించుకుని బేస్‌మెంట్‌కి వచ్చేశాను.

సాఫ్ట్‌వేర్ రాసిచ్చిన కంపెనీవాళ్లు దీనికి చెప్పే జవాబు ఒకటే: సర్వర్ పాతదైపోయింది, కొత్తది కొనండి. పెద్దాయన ఆ మాట నమ్మలేదు, కొట్టిపారేయనూ లేదు. ఆయనకు తన మందు ఒకటుంది. ప్రతి శనివారం మధ్యాహ్నం ఓపీడీ మూశాక సర్వర్ ముందు కూర్చుని, లాగ్ ఫైల్లో పాత రాతలు పారేసి, ఫైలును కోసి చిన్నది చేసే కమాండ్ నడిపేవారు. డిస్కునంతా ఆక్రమించుకున్న ఫైలు క్షణంలో చిక్కి సగమై పావై, ఒక మూలకు వచ్చేసేది.

"చూడుమ్మా, ఎంత సన్నగైందో! ఇప్పుడు మిషన్‌కి ఊపిరాడుతుంది," అనేవారు, కళ్లద్దాలు తుడుచుకుంటూ.

ఆ లాగ్ ఏమిటో ఇక్కడ చెప్పాలి. కంప్యూటర్లో పేషెంటు పేరు ఎక్కించినా, మందు రాసినా, బిల్లు మార్చినా, డేటాబేస్ ఆ మార్పును ముందుగా లాగ్ అనే ఫైల్లో రాసుకుంటుంది. అక్కడ రాసుకున్నాకే "సరే, అయింది" అంటుంది. మధ్యలో కరెంటు పోతే, తిరిగొచ్చాక లాగ్ చూసి ఏది పూర్తయిందో ఏది సగంలో ఆగిందో సరిచూసుకుంటుంది. లాగ్‌ను ఎప్పటికప్పుడు వేరే చోటికి బ్యాకప్ తీస్తుంటే, తీసినంత మేర లోపల చోటు ఖాళీ అయి మళ్లీ వాడకానికి వస్తుంది. తీయకపోతే ఫైలు పెరుగుతూనే ఉంటుంది. మా దగ్గర రోజూ రాత్రి మొత్తం డేటాబేస్‌కి టేపు మీద బ్యాకప్ తీసేవారు. దానితోనే లాగ్ కూడా ఖాళీ అయిపోతుందని అందరూ అనుకునేవారు. అవదు. లాగ్‌కి దాని బ్యాకప్ దానికి విడిగా తీయాలి. బస్సులో కూర్చుని ఆ పేజీ చదివినప్పుడు నేను పుస్తకం మూసి కిటికీలోంచి యమునను చూస్తూ ఉండిపోయాను. మా సర్వర్‌లో అలాంటి బ్యాకప్ ఒక్కటి కూడా లేదు.

తర్వాతి సోమవారం పొద్దున్నే వచ్చి ఒక తెర మీద లాగ్ ఫైలు సైజు కనబడేలా పెట్టుకుని కూర్చున్నాను. పక్కన ఇంటర్‌కమ్. శనివారం కోసిన ఫైలు కాబట్టి చిన్నదిగా ఉంది. ఓపీడీ మొదలైంది. ఫైలు నిండింది. సైజు మారింది. ఆ క్షణంలోనే ఇంటర్‌కమ్ మోగింది. "మేడమ్, ఫిర్ రుక్ గయా." మళ్లీ ఆగిపోయిందట. కాసేపటికి మళ్లీ సైజు మారింది, మళ్లీ ఫోన్. మూడోసారి ఫైలు పెరగడం చూడగానే మోగకముందే రిసీవర్ ఎత్తి, "పతా హై, ఫిర్ రుక్ గయా న?" అన్నాను. నాకెలా తెలిసిందో అవతల గుమాస్తాకు అంతుపట్టలేదు. "ఆప్ కో కైసే పతా?" అన్నాడు.

ఫైలు పెరగాల్సి వచ్చినప్పుడల్లా ఆ కొత్త చోటంతా సర్వర్ ముందుగా సున్నాలతో నింపుకోవాలి. అది అయ్యేదాకా ఏ కౌంటర్లో ఏ మార్పూ లాగ్‌లోకి ఎక్కదు, అందరూ ఆగాల్సిందే. మేమే శనివారం కోస్తున్నాం, సోమవారం అదే చోటు కోసం అది మళ్లీ ముక్కలు ముక్కలుగా పెరుగుతోంది.

ఈ మాట పెద్దాయనకు చెప్పడం తేలిక కాలేదు. ఏళ్ల తరబడి శనివారం శనివారం శ్రద్ధగా చేసిన పని. ఆయన టిఫిన్ బాక్సు మూత పెట్టి నా తెర దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

"అంటే నేను కోస్తాండేదే తప్పంటావా?"

"తప్పని కాదు సార్. లాగ్ బ్యాకప్ లేకపోతే అది డిస్కంతా నిండి మొత్తం ఆగిపోయేది. మీరు కోశారు కాబట్టే ఇన్నాళ్లు నడిచింది. ఇప్పుడు బ్యాకప్ పెట్టుకుంటే కోయక్కర్లేదు."

"మరి ఆ ఫైలు అంత లావుగా అట్లనే పడుంటుందా? లోపల ఖాళీ పెట్టుకొని?"

"ఉండాలి సార్. వారంలో ఎంతవరకు పెరుగుతుందో చూశాను. బ్యాకప్ తీస్తుంటే అంత అక్కర్లేదు గానీ, సోమవారం రద్దీకి సరిపడా, ఇంకొంచెం పైన, ముందే ఒకేసారి ఇచ్చేద్దాం. అది పెరగాల్సిన అవసరమే రాకూడదు."

లెక్కల శాఖలో పనిచేసిన మనిషి కదా, ఖాళీగా చోటు వదిలేయడం ఆయన ఒంటికి పడని పని. చివరికి, "ఠీక్ హై. ఒక్క సోమవారం చూద్దాం. ఆగిందా, మళ్లా నా కత్తెర నాదే," అన్నారు.

పని ఆదివారం మధ్యాహ్నం పెట్టుకున్నాం. చర్చి నుంచి పట్టుచీరతోనే నేరుగా ఆసుపత్రికి వచ్చాను. ఆ రోజు అమ్మకు డ్యూటీ. సర్వర్ గదిలో ఏసీ చలికి వణుకుతున్నానని ఎవరు చెప్పారో, వార్డు నుంచి ఒక ఎర్ర దుప్పటి పట్టుకుని కిందికి వచ్చింది.

"ఏందే ఈ గది, మార్చురీ లాగా ఉంది! ఇది కప్పుకో. ఉతికిందే, భయపడమాక."

పట్టుచీర మీద ఆసుపత్రి ఎర్ర దుప్పటి కప్పుకుని పని మొదలుపెట్టాను. ముందుగా లాగ్‌ను వేరే డిస్కు మీదికి మార్చాను, డేటా ఫైలు దారికి అడ్డు రాకుండా. ఆ శనివారం కోత మానేశాం కాబట్టి, వారమంతా చిన్న చిన్న ముక్కలుగా పెరిగిన ఫైలు లోపలంతా తునకలు తునకలై ఉంది. సర్వర్ రీస్టార్ట్ చేసినప్పుడల్లా చాలాసేపు పట్టేది కూడా అందుకే. కాబట్టి కొత్త సైజు ఇచ్చే ముందు దాన్ని ఒకసారి పూర్తిగా కుదించాలి.

"అంటే నా కమాండ్ ఒకసారి నడపాల్సిందేనన్నమాట!" అన్నారు పెద్దాయన, ముఖం వెలిగిపోయింది.

"ఆఖరిసారి సార్. మీరే నడపండి."

కుర్చీ ఆయనకు ఇచ్చాను. ఆయన రెండు వేళ్లతో టైపు చేసి, ఎంటర్ కొట్టి, ఫైలు చిక్కిపోవడం చూసి లేచారు. ఆ తర్వాత నేను అనుకున్న సైజుకు దాన్ని పెంచాను. ఒకవేళ ఎప్పుడైనా పెరగాల్సి వస్తే శాతం లెక్కన కాకుండా ఎప్పుడూ ఒకే కొలత ప్రకారం పెరిగేలా పెట్టాను. శాతం అయితే ఫైలు పెద్దదయ్యే కొద్దీ ప్రతి పెరుగుదలా ఇంకా పెద్దదవుతుంది, ఆగడమూ పెద్దదవుతుంది. మొత్తానికి పూర్తి బ్యాకప్ ఒకటి తీసి, అక్కణ్ణుంచి పావుగంటకోసారి లాగ్ బ్యాకప్ వేరే మిషన్‌లోకి వెళ్లేలా ఏర్పాటు చేశాను. మొదటి బ్యాకప్ వెళ్లింది. రెండోది వెళ్లింది. దుప్పటి మడతపెట్టి పైకి తీసుకెళ్లి అమ్మకు ఇచ్చాను.

మర్నాడు బేస్‌మెంట్‌లో కూర్చోలేకపోయాను. ఓపీడీ హాల్లోకి వెళ్లి వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాను. కౌంటర్లు తెరిచారు. జనం తోసుకున్నారు. చీటీలు బయటికి వస్తున్నాయి, ప్రింటర్ల చప్పుడు ఎడతెగకుండా వినబడుతోంది. మామూలుగా ఆగే వేళ అయింది. ఆగలేదు. ఇంకాసేపటికి, అప్పుడు నా వైపు చేయి చూపించిన ఆ గుమాస్తా తల తిప్పి చూసి, గాజు వెనకనుంచి పెద్దగా అరిచాడు: "మేడమ్! ఆజ్ తో చల్ రహా హై!" లైన్లో ఉన్నవాళ్లు కూడా వెనక్కి తిరిగి నన్ను చూశారు, ఎవరో డాక్టరమ్మ అనుకున్నారేమో. ఒక ముసలావిడ చేతులెత్తి దండం పెట్టింది. నేను దేనికి నవ్వుతున్నానో ఆమెకు తెలియదు. నాకు మాత్రం ఆ ప్రింటర్ల చప్పుడు ఎంతసేపు విన్నా తనివి తీరలేదు.

కిందికి వచ్చేసరికి పెద్దాయన రెండు టీలు తెప్పించి ఉంచారు. "శనివారం ఇంగ నేనేం చేయాల్నమ్మా?" అని అడిగారు. "మీరు త్వరగా ఇంటికి వెళ్లొచ్చు సార్," అన్నాను. "ఇంట్లో వాళ్లకు నా మొహం చూసే అలవాటు లేదు," అంటూ టీ ఊదుకున్నారు.

అంతా అయిపోయిందనుకున్నాను. చలికాలం వచ్చాక ఒక రోజు లాగ్ మళ్లీ నిండుతూ పోయింది. బ్యాకప్‌లు సవ్యంగానే వెళ్తున్నాయి, కానీ లోపల చోటు ఖాళీ అవడం లేదు. వెతికితే తెలిసింది: ఎక్కడో ఎవరో ఒక మార్పు మొదలుపెట్టి పూర్తి చేయకుండా వదిలేశారు. అది తేలేదాకా దాని తర్వాత రాసినదేదీ లాగ్ వదులుకోలేదు. ఆ మార్పు ఏ కంప్యూటర్ నుంచి వచ్చిందో చూశాను. స్టోర్స్ విభాగం.

స్టోర్స్‌కి వెళ్తే కుర్చీ ఖాళీ. తెర మీద దుప్పట్ల ఇండెంట్, అంటే సరుకు కావాలని కోరే పత్రం, సగం నింపి ఉంది. ఆ సీటు మనిషి వెనక పచ్చిక మీద ఎండలో కూర్చుని, ముందు వేరుశనక్కాయల పొట్లం పెట్టుకుని స్వెటర్ అల్లుతోంది. అందరూ దీదీ అని పిలిచే పెద్దావిడ.

"దీదీ, మీ స్క్రీన్ తెరిచే ఉంది. సేవ్ చేయండి," అన్నాను హిందీలో.

"లంచ్ టైమ్ బేటా. ఎండ పోతే మళ్లీ రాదు. తెరిచి ఉంటే ఏమైంది?"

"మీ స్క్రీన్ తెరిచి ఉంటే ఆసుపత్రంతా ఆగిపోతుంది దీదీ."

ఆమె సూదులు ఆపి నన్ను చూసింది. "నా వల్ల?" అంది. కోపం కాదు, ఆ గొంతులో కాస్త గర్వం కూడా వినిపించింది నాకు. లేచి వచ్చి సేవ్ నొక్కింది. నా గదికి వచ్చి చూస్తే తర్వాతి బ్యాకప్‌తో లాగ్ ఖాళీ అయింది. కంపెనీవాళ్లతో రెండు నెలలు పోట్లాడి, స్క్రీన్ తెరిచినప్పుడు కాక సేవ్ నొక్కినప్పుడే మార్పు మొదలయ్యేలా ప్రోగ్రామ్ మార్పించాను. అప్పటిదాకా దీదీ రోజూ లంచ్‌కి లేచేటప్పుడు నాకు ఫోన్ చేసి, "బంద్ కర్ దియా, అస్పతాల్ చలావో," అనేది, తన తెర మూసేశానని, ఇక ఆసుపత్రి నడుపుకోమని.

అసలు పరీక్ష వేసవిలో వచ్చింది. ఢిల్లీ కరెంటు సంగతి తెలిసిందే, ఆ రోజు పొద్దుట్నుంచీ వచ్చి పోతూ ఉంది. మంచి రద్దీ వేళ సర్వర్‌లోంచి గరగరమని చప్పుడు వచ్చి డేటా ఉన్న డిస్కు చచ్చిపోయింది. అన్ని కౌంటర్లూ, అన్ని వార్డులూ ఒక్కసారిగా ఆగిపోయాయి. పెద్దాయన ముఖం పాలిపోయింది. మునుపైతే నిన్న రాత్రి టేపు దాకా మాత్రమే వెనక్కి వచ్చేది. ఆ రోజు పొద్దుట్నుంచీ ఎక్కించినదంతా పోయేది.

"ఎంతవరకు వస్తుందమ్మా?" అని అడిగారు.

"లాగ్ డిస్కు బతికే ఉంది సార్. ఆఖరి నిమిషం దాకా రావాలి."

లాగ్‌లో మిగిలిన చివరి భాగానికి ముందు బ్యాకప్ తీశాను. తర్వాత కొత్త డిస్కు పెట్టి రాత్రి టేపును ఎక్కించడం మొదలుపెట్టాను. అది సాగుతుండగా ఇంటర్‌కమ్ మోగింది. అమ్మ.

"అమ్మాయ్, పొద్దున్నే కొత్త పేషెంటుకి పెన్సిలిన్ పడదని నేనే ఎక్కించా. కాగితం మీద రాసి పెట్టాన్లే, ఆపరేషన్ థియేటర్‌కి చెప్పా కూడా. కంప్యూటర్లో అది ఉంటదా, పోయిందా?"

"ఉంటుందమ్మా. కాసేపు ఆగు."

టేపు అయింది. ఆ తర్వాత పావుగంటకో బ్యాకప్ చొప్పున, వరుస తప్పకుండా, ఒకదాని వెనక ఒకటి ఎక్కించాను. పెద్దాయన నా పక్కన నిలబడి ఒక్కోదాని టైము పైకి చదువుతూ ఉన్నారు. చివరిగా ఇందాక తీసిన తోక ముక్క. అదీ ఎక్కింది. డేటాబేస్ తెరుచుకుంది. మూడో అంతస్తుకి ఫోన్ చేశాను.

"చూడమ్మా."

అవతల కీబోర్డు చప్పుడు. అమ్మ ఒక్కో మీటనీ వెతుక్కుంటూ నొక్కుతుంది. తర్వాత ఊపిరి వదిలిన శబ్దం.

"ఉందే. నేను రాసింది రాసినట్టే ఉంది. స్పెల్లింగ్ తప్పుతో సహా."

సాయంత్రం మెడికల్ సూపరింటెండెంట్ బేస్‌మెంట్‌కి దిగి వచ్చారు. ఆయన అక్కడికి రావడం అదే మొదటిసారి, తలుపు ఎటు తెరుచుకుంటుందో కూడా తెలియక లాండ్రీలోకి వెళ్లి వచ్చారు. తనను మెచ్చుకోబోతుంటే పెద్దాయన చేయి అడ్డం పెట్టి ఇంగ్లీషులో అన్నారు, "సార్, నేను పక్కన నిలబడి టైము చదివాను. పని ఈ అమ్మాయిది." సూపరింటెండెంట్ నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చారు. కొత్త సర్వర్ మాట మళ్లీ చాలా కాలం ఎవరూ ఎత్తలేదు. తర్వాత ఎత్తినప్పుడు, ఏది కొనాలో నన్నే అడిగారు.

ఆ రోజు బస్సులో సీటు దొరికినా అమ్మ నిద్రపోలేదు. "ఇంతకీ ఏం చేశావే? నాకు అర్థమయ్యేటట్టు చెప్పు," అంది. ఐటీఓ దాటి, యమున దాటి, ఆనంద్ విహార్ వచ్చేదాకా చెప్తూనే ఉన్నాను. మధ్యలో ప్రశ్నలు అడిగింది. దిగేటప్పుడు, "ఆదివారం చర్చిలో ఆంటీవాళ్లకు నేను చెప్తా. నువ్వు మాట్లాడమాక, నీకు సిగ్గు," అంది.

చెప్పింది కూడా. ఆరాధన అయ్యాక మెట్ల దగ్గర అందరినీ నిలబెట్టి చెప్పింది. లాగ్ ఆమె నోట్లో లాకైంది, డిస్కు కాస్తా సీడీ అయింది, నేను ఆసుపత్రి కంప్యూటర్లకు తాళం వేసి పేషెంట్లందరినీ కాపాడినట్టు తేలింది. ఆంటీలు నోళ్లు తెరుచుకుని విన్నారు. తెలుగు సరిగా రాని వాళ్ల పిల్లలు "వాట్ డిడ్ షీ డూ?" అని నన్ను అడిగారు. నేను మెట్ల కింద నిలబడి, అమ్మ చెప్పిందంతా నిజమే అన్నట్టు తల ఊపాను.